పెద్దమ్మ వంటింట్లో స్మోక్ అలారం

మా ఇంట్లో రెండు పొయ్యిలుండేవి. సహపంక్తి భోజనాల మీద నేను ఉపన్యాసాలిచ్చిన ఊళ్లలో ఈ సంగతి తెలియని ఊరు లేదు. కులం పోవాలంటే ముందు పంక్తి కలవాలని గంటసేపు మాట్లాడి, చెమట తుడుచుకుని, ప్రశ్నలుంటే అడగండి అనగానే వెనక వరసలోంచి ఎవడో ఒకడు లేచేవాడు.

"అంతా బాగానే చెప్పారు గానీ మాస్టారూ, మీ ఇంట్లో పొయ్యిలెన్నండీ?"

సభ గొల్లుమనేది. నేను గ్లాసెత్తి మంచినీళ్లు తాగేవాణ్ణి. దేవుడి గురించి, ఆత్మ గురించి, పునర్జన్మ గురించి అడిగిన ఏ ప్రశ్నకూ నేను నీళ్లు తాగి ఎరగను. ఈ ఒక్కదానికే తాగాను.

మొదటి పొయ్యి మాది. నేనూ నా భార్యా ఇద్దరం తిరువూరులో బడిపంతుళ్లం. ఆమెది వినగడప వైపు క్రైస్తవ కుటుంబం, నాది తరతరాలుగా గుడిని నమ్ముకుని బతికిన కుటుంబం. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, బయటికొచ్చి తలో సోడా తాగి, పెళ్లయిపోయిందనుకున్నాం. ఆమె ఆదివారం చర్చి మానలేదు, నేను నాస్తికం మానలేదు.

రెండో పొయ్యి మా పెద్దమ్మది. మా అమ్మకు అక్క. చిన్నవయసులోనే భర్త పోయి పుట్టింటికి చేరింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నా పెళ్లి సంగతి విని నాలుగేళ్లు మాట్లాడలేదు. అయిదో ఏడు, పుట్టింటి పంపకాల్లో ఆవిడ గది ఎవరి వాటాలోకో పోయాక, ట్రంకు పెట్టెతో రిక్షా దిగి మా వాకిట్లో నిలబడి ఒకే ఒక్క మాట అంది.

"ఉంటానురా. నా పొయ్యి నాకుండాలి."

ఇంటి వెనక ఒక గది, దాన్ని ఆనుకుని చిన్న వంటిల్లు, విడిగా గుమ్మం ఇచ్చాం. ఆ వంటింట్లోకి మేమెవరం అడుగు పెట్టకూడదు. పొద్దున్నే తలస్నానం చేసి, ఎవరి చెయ్యీ తగలకుండా పైన దండెం మీద ఆరేసుకున్న చీర కట్టుకుని, తాను తెచ్చుకున్న నీళ్లతో తానే వండుకుని, దేవుడికి చూపించి, అప్పుడు తింటుంది. అదీ మడి. నా భార్య చేతి మంచినీళ్లయినా పుచ్చుకోదు. అలాగని ఇద్దరికీ పోట్లాటేం లేదు. గడపకి ఇటొకరూ అటొకరూ కూర్చుని సాయంత్రాలు గంటల తరబడి కబుర్లాడుకునేవాళ్లు. ఊరగాయ ముక్క మాత్రం గడప దాటదు. మన దేశంలో మనసులు కలవడానికి అభ్యంతరం లేదు, గిన్నెలే కలవకూడదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పెద్దమ్మకు పెద్ద జలుబు చేసింది. జలుబు తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. ముక్కుకు సంబంధించిన నరం దెబ్బతిందనీ, ఈ వయసులో ఇక రాకపోవచ్చుననీ డాక్టరు చెప్పాడు. "పోన్లెండి అమ్మా, మన ఊళ్లో మురిక్కాలవ వాసన తప్పింది" అని ఆయన నవ్వాడు. మేమూ నవ్వాం.

నెల తిరక్కుండానే ఒక రోజు పెద్దమ్మ పప్పు గిన్నె పొయ్యి మీద పెట్టి, కళ్లు మూసుకుని జపమాల తిప్పుకుంటూ కూర్చుంది. పప్పు మాడింది, గిన్నె మాడింది, గదంతా పొగ కమ్మింది. ఎదురింటావిడ అరుస్తుంటే నేను పరుగెత్తాను. పొయ్యికి రెండు మూరల దూరంలో పెద్దమ్మ కళ్లు నులుముకుంటోంది.

"ఏంటో కళ్లు మండుతున్నాయిరా."

"పొగ పెద్దమ్మా! గిన్నె మాడిపోయింది!"

"అవునా? నాకేం తెలీలేదే."

ఆ రోజే నేను తీర్పు చెప్పేశాను. ఇక ఆ పొయ్యి ఆపెయ్యి, మా వంటింట్లో వండింది తిను, నీ ప్రాణం కన్నా మడి ఎక్కువా అన్నాను. గట్టిగానే అన్నాను. నాకు మెల్లగా అనడం రాదు.

పెద్దమ్మ మాడిన గిన్నెను చింతపండుతో రుద్దుతూ చెప్పింది. "ఈ చేతులకి అరవై ఏళ్లుగా ఉన్న పని ఇదొక్కటేరా. నాకు మొగుడు లేడు, పిల్లల్లేరు, పొలం లేదు. పొయ్యి ఉంది. అదీ తీసేస్తే ఇంక నన్ను గోడకి ఆనించి పెట్టుకోండి, ఎప్పుడైనా దుమ్ము దులపండి."

జవాబు లేనప్పుడు సైన్సు దగ్గరికి పోవడం నాకలవాటు.

విదేశాల్లో ప్రతి ఇంటికీ స్మోక్ అలారం ఉండి తీరాలని అక్కడి చట్టాలు చెబుతాయని ఒక ఇంగ్లీషు పత్రికలో చదివాను. ఇంటి కప్పుకు బిగిస్తారట. పొగ తగిలితే చెవులు చిల్లులు పడేలా అరుస్తుందట. అది లేకపోతే ఇల్లు అద్దెకివ్వడానికి కూడా వీల్లేదట. చదివి నాకు ఒళ్లు మండింది. మన ఊళ్లో ఇల్లు కట్టేవాడికి ఎన్ని నిబంధనలు! వంటిల్లు ఆగ్నేయం మూలనే ఉండాలి, ఎందుకంటే అది అగ్నిదేవుడి మూల. గుమ్మానికి బూడిదగుమ్మడికాయ వేలాడాలి, ఎందుకంటే దిష్టి. గృహప్రవేశం రోజున ఇంటినిండా హోమం పొగ నిండాలి, ఎందుకంటే శుభం. అగ్నిదేవుడికి మూల కేటాయించిన వాళ్లు ఆయన ఆ మూల దాటి మంచం దాకా వస్తే ఏం చెయ్యాలో ఒక్క ముక్క రాయలేదు. మా తాపీమేస్త్రీని అడిగితే, "పొగొస్తే తెలీదా సార్, ముక్కు లేదా మనకి?" అన్నాడు. ముక్కు లేని మనిషి మా ఇంట్లోనే ఉందని చెప్పాలనిపించింది.

బెజవాడ వెళ్లి నాలుగు దుకాణాలు తిరిగాను. ఒకాయన అడుగు అరలోంచి, దుమ్ము పట్టిన డబ్బా తీశాడు.

"ఏ ఫ్యాక్టరీకి సార్?"

"ఇంటికి."

"ఇంటికా!" నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంట్లో ఏం తయారుచేస్తుంటారు సార్?"

"పప్పు" అన్నాను.

అరిసె ఆకారంలో తెల్లటి ప్లాస్టిక్కు బిళ్ల. లోపల నలుచదరంగా ఒక బ్యాటరీ. ఎ.కొండూరు దాటేదాకా బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక నియమావళి రాశాను. వయసులో ఉన్నప్పుడు మా చర్చావేదికకు నిబంధనలన్నీ నేనే రాసేవాణ్ణి, ఆ దురద పోలేదు. ఈ అలారాన్ని పెద్దమ్మ వంటింటి కప్పుకు బిగించాలి. ఏడాదిలోగా అది మూడుసార్లు మోగితే పెద్దమ్మ తన పొయ్యి ఆపి, మా వంటింటి అన్నం తినాలి. మోగకపోతే ఆవిడ పొయ్యి జోలికి ఎవరూ రాకూడదు. నెలకోసారి మీట నొక్కి అలారాన్ని పరీక్షించడం, బ్యాటరీ చూసుకోవడం ఇంటి యజమాని బాధ్యత. ఆఖరిది పత్రికలోంచి ఎత్తి రాశాను. ఇంటి యజమాని అంటే నేనే.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివింది.

"మూడుసార్లు మోగకపోతే?"

"నీ పొయ్యి నీది."

"ఎన్నాళ్లు?"

"నువ్వున్నన్నాళ్లు."

సంతకం పెట్టి కాగితం తన ట్రంకు పెట్టెలో దాచుకుంది. నా భార్యకు అలారం సంగతి చెప్పాను, కాగితం సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అప్పుడెవరైనా అడిగితే మరిచిపోయానని అనుండేవాణ్ణి. నిజానికి నా లెక్క వేరు. పాతికేళ్ల వాదనతో గెలవలేనిది ఒక బ్యాటరీతో గెలవబోతున్నాను. పెద్దమ్మ ప్రాణం నాకు ముఖ్యమే, కాదనను. కానీ వెనక వరసలోంచి లేచేవాడి మొహం కూడా నా కళ్ల ముందు ఆడుతూనే ఉంది. మీ ఇంట్లో పొయ్యిలెన్నండీ? ఒకటేనయ్యా, కూర్చో.

బిగించే రోజున ఇంకో చర్చ. ప్లాస్టిక్కు మడికి పనికొస్తుందా? నేను శాస్త్రార్థానికి సిద్ధపడి వెళ్లాను. పెద్దమ్మ తేలిగ్గా తీసిపారేసింది.

"కప్పు మీద ఉన్నదానికి మడేంట్రా. బల్లులు తిరగట్లేదూ? వాటికి నేను స్నానాలు చేయిస్తున్నానా? నా స్నానం కాకముందు వచ్చి బిగించుకుని పోండి. తర్వాత గది కడుక్కుంటా."

మూడో రోజే మొదటిసారి మోగింది. ఆ మోత విన్నవాళ్లకి తెలుస్తుంది. వీధివీధంతా మా ఇంటి ముందుకొచ్చింది. నేను తడి టవలు పట్టుకుని పరుగెత్తాను. పెద్దమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వెనక నుంచి ఎండుమిరపకాయల ఘాటు. వచ్చినవాళ్లంతా దగ్గుతున్నారు.

"చారు పోపు పెట్టానురా, అంతే!"

"మోగింది కదా పెద్దమ్మా. ఒకటి."

"ఒకటేంటి? పోపు పొగా, కొంప కాలే పొగా ఒకటేనా నీకు?"

"యంత్రానికి ఆ తేడా తెలీదు."

"తెలీనిదాన్ని తెచ్చి నా నెత్తిన జడ్జీని చేసి కూర్చోబెట్టావా?"

వచ్చినవాళ్లు నవ్వారు. ఎదురింటాయన, మండలాఫీసులో గుమాస్తా, "పెద్దమ్మగారికి ఒక పాయింటు మాస్టారూ" అన్నాడు. నేను నియమావళిలో పొగల వర్గీకరణ లేదని గంభీరంగా ప్రకటించాను.

రెండోసారి శుక్రవారం సాంబ్రాణికి మోగింది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం దాచుకోలేదు. ధూపం ఊపిరితిత్తులకు చేటు అని నేను రాసిన వ్యాసాన్ని సమర్థించడానికి ఒక యంత్రం గొంతు చించుకుని అరుస్తోందని ఎదురింటి గుమాస్తాతో అన్నాను కూడా. పెద్దమ్మ ఆ రోజు వాదించలేదు. నిప్పుల మీద నీళ్లు చల్లి లోపలికి పోయింది.

ఆ తర్వాత వెనక వైపు నిశ్శబ్దమైంది. మొదట గమనించింది నా భార్య.

"నాలుగు రోజులుగా పెద్దత్తయ్యగారి వంటింట్లోంచి పోపు చప్పుడు వినిపించట్లేదండీ. ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందే" అన్నాను.

బాగాలేదని నాకు తెలుసు. పెద్దమ్మ పోపు మానేసింది. అప్పడం కాల్చడం మానేసింది. శుక్రవారం ధూపం మానేసింది. ఉప్పేసి ఉడకబెట్టిన ముక్కలు, మజ్జిగలో నానబోసిన అటుకులు, అదీ ఆవిడ భోజనం. పొయ్యి వెలిగించిన కాసేపూ మెడ ఎత్తి కప్పు వైపే చూస్తూ ఉంటుందని ఎదురింటావిడ చెప్పింది. నా భార్య గడప దగ్గర కూర్చుని అడిగితే, "పోపు అరగట్లేదమ్మాయ్, వయసొచ్చింది" అందట. నన్ను పట్టివ్వలేదు. నేనూ బయటపడలేదు. దేవుడంటే భయం వద్దని ఊరూరా చెప్పినవాణ్ణి, ఒక ముసలామెకు కప్పు మీద కొత్త దేవుణ్ణి బిగించి, రోజూ భయపడుతూ వండుకోమన్నాను.

నెలలు గడిచాయి. ఒక సాయంత్రం పెద్దమ్మ ఎదురింటావిడతో తన గుమ్మంలో కూర్చుని మాట్లాడుతోంది. గోడకి ఇవతల నేను పేపరు చదువుకుంటున్నాను.

"మావాడు నా పొయ్యి ఆర్పిందాకా వదిలేట్టు లేడమ్మా" అంది పెద్దమ్మ.

లోపల నుంచి 'కిచ్' మని చిన్న చప్పుడైంది.

"చూశావా, బల్లి పలికింది. కృష్ణ కృష్ణ!" అని పెద్దమ్మ వేలితో నేల మీద తట్టింది. మాట్లాడుతుండగా బల్లి పలికితే ఆ మాట సత్యమని మనవాళ్ల నమ్మకం. ఎదురింటావిడా తట్టింది.

నేను ఊరుకుంటానా? కుర్చీలోంచి లేవకుండానే గోడ మీదుగా ఉపన్యాసం మొదలుపెట్టాను. బల్లికి మీ పొయ్యి గొడవ పట్టదనీ, అది తన జోడును పిలుచుకోవడానికో, ఇంకో బల్లిని బెదిరించడానికో అలా చప్పుడు చేస్తుందనీ, చూడకుండా, పరీక్షించకుండా నమ్మడమే ఈ దేశానికి పట్టిన దరిద్రమనీ చెప్పాను. మధ్యలో ఇంకోసారి 'కిచ్' మంది. "ఇదిగో, వీడు చెప్పేదీ సత్యమేనట!" అంది పెద్దమ్మ. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఆ బల్లి పది రోజులు పలికింది. ఆశ్చర్యమేమిటంటే దాదాపు నిమిషానికోసారి, తప్పకుండా పలికింది. పదకొండో రోజు నుంచి పలకలేదు. చచ్చిందనుకున్నాం.

తర్వాత ఒక రెండో శనివారం. బడికి సెలవు. నా భార్య ముందు వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. నేను లోపల ఏదో రాసుకుంటున్నాను. ఉన్నట్టుండి ఆమె తల ఎత్తింది.

"గుడ్డ కాలుతున్న వాసనండీ."

"అలారం మోగలేదుగా" అన్నాను, తలెత్తకుండా.

ఆమె అప్పటికే లేచి పరుగెత్తింది. నేను వెనకాల వెళ్లేసరికి ఆమె పెద్దమ్మ వంటింటి గుమ్మం దాటి లోపలికి దూకేసింది. దండెం మీద ఆరేసిన మడిచీర జారి, కొంగు పొయ్యి మీద పడి, భగ్గున అంటుకుని పైకి పాకుతోంది. పెద్దమ్మ అటు వీపు పెట్టి కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతోంది. నా భార్య ఆ చీరను చేత్తో గుంజి కింద పడేసి, పక్కనున్న మడినీళ్ల బిందె ఎత్తి మొత్తం దాని మీద కుమ్మరించి, పొయ్యి కట్టేసింది. గిన్నెలు దొర్లాయి. పెద్దమ్మ నీళ్లలో కూర్చుని, కత్తిపీట అలాగే కాలి కింద పెట్టుకుని, గదినిండా పొగలో నా భార్యను చూసింది. తర్వాత కప్పు వైపు చూసింది. కప్పు మీద తెల్ల బిళ్ల, కిమ్మనకుండా ఉంది.

నేను స్టూలేసుకుని మీట నొక్కాను. చడీ చప్పుడు లేదు. మూత తీసి బ్యాటరీ నాలిక మీద పెట్టుకుని చూశాను. చప్పగా ఉంది. డబ్బాలోని కాగితం అప్పుడు తీసి చదివాను. బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు నిమిషానికోసారి చిన్నగా కూత పెడుతుందట.

మామూలుగా అయితే నేను అక్కడితో సిగ్గుపడి ఊరుకోవాలి. కానీ నాకు భయం వేసింది, భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

"ఇంక చాలు పెద్దమ్మా. ఇవాళ మూడోది. కాగితం తియ్యి."

పెద్దమ్మ లేచి, తడి చీర పిండుకుని, ట్రంకు పెట్టె తెరిచి కాగితం తెచ్చింది. కళ్లజోడు పెట్టుకుంది.

"మూడుసార్లు మోగితే అని రాశావు. ఇవాళ మోగిందా?"

"అది కాదు..."

"మోగిందా, లేదా?"

"మోగలేదు."

"బ్యాటరీ చూసుకోవలసింది ఇంటి యజమాని అని రాసింది ఎవరు? నేనా?"

నాతో వేదికలెక్కి వాదించిన పండితులెవరికీ ఆవిడ పక్కన నిలబడే అర్హత లేదు.

"ఏంటా కాగితం?" అంది నా భార్య. చేతి మీద బొబ్బ ఎక్కుతోంది, చల్లటి నీళ్ల గిన్నెలో చెయ్యి పెట్టుకుని గడప అవతల నిలబడింది. పెద్దమ్మ కాగితాన్ని నేల మీద పెట్టి ఆమె వైపు జరిపింది. ఆమె వంగి, ముట్టుకోకుండానే చదివింది. చదవడం అయ్యాక నావైపు తిరిగింది.

"మూడుసార్లు మోగితే నేను వండింది తినాలా?"

"ఆవిడ క్షేమం కోసం..."

"తప్పు చేసినందుకు జరిమానా నా అన్నమా?"

నేనేదో అనబోయాను.

"పాతికేళ్లుగా పెద్దత్తయ్యగారు నా చేతి నీళ్లు ముట్టకపోయినా నాకింత నొప్పి కలగలేదండీ. ఆవిడ పద్ధతి ఆవిడదనుకున్నా. మీరేమో నా వంటను జైలు కూడు చేశారు. ఆవిడ ఒప్పుకున్నా నేను పెట్టను. ఇష్టపడి చెయ్యి చాస్తే పెడతా. మీ గంట మోగిందని పెట్టను."

అలా నా నియమావళి ఉభయపక్షాలూ తిరస్కరించగా రద్దయింది.

మధ్యాహ్నం పెద్దమ్మ వంటింట్లోని గిన్నెలన్నీ బయటపెట్టి తోమింది. కొత్త నీళ్లు తెచ్చింది. నేల కడిగింది. నా భార్య అడుగులు పడ్డచోట కూడా కడుగుతుంటే నేను ఉండబట్టలేకపోయాను.

"నీ ప్రాణం కాపాడిన అడుగులు కదా పెద్దమ్మా అవి! వాటిని కడగడానికి నీకు చేతులెలా వస్తున్నాయి?"

చీపురు ఆగలేదు. "కడక్కపోతే రేపు నేనిక్కడ వండలేనురా. ఆ సంగతి నాకు తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు. నీకే తెలీదు."

అది అన్యాయమనే నేనిప్పటికీ అంటాను. మంచి మనిషి చేసినంత మాత్రాన అన్యాయం మంచిదైపోదు. కానీ ఆ సాయంత్రం ఆ మంచి మనిషే గడప దగ్గరికొచ్చి, నా భార్య బొబ్బకు దూరం నుంచే విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

మూడో రోజు పెద్దమ్మ పొద్దున ఏడింటికే కేకేసింది.

"అమ్మాయ్, పొయ్యి అంటించా!"

ఆవిడ అంత పొద్దున్నే పొయ్యి వెలిగించడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మేము బడికి వెళ్లేది తొమ్మిదింటికి కాబట్టి, పెద్దమ్మ తన పూజనూ స్నానాన్నీ చీకటివేళకి జరుపుకుని వంటను మా బడి గంటకు సర్దింది. నా భార్య టీ గ్లాసుతో, దిద్దాల్సిన నోటుపుస్తకాలతో గడప ఇవతల పీట వేసుకుని కూర్చుంది.

"మాడుతోందా?"

"లేదు పెద్దత్తయ్యగారూ."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మంట తగ్గించండి."

అలారానికి కొత్త బ్యాటరీ వేశాను. ప్రతి నెలా మొదటి తేదీన మీట నొక్కుతున్నాను కూడా. ఎవరి ఇంట్లోనైనా అది ఉండాలనే నా అభిప్రాయం, మా ఇంట్లో జరిగినదాన్ని బట్టి ఆ అభిప్రాయం ఇంకా గట్టిపడింది. కాకపోతే ఇప్పుడది మోగితే పెద్దమ్మ గరిటె ఆడిస్తూ, "ఊరుకోవే, అమ్మాయి చూస్తోంది" అని దాన్నే గదమాయిస్తుంది. పోపు మళ్లీ చిటపటలాడింది. కొన్నాళ్లకి ప్రశ్నలు మాడడం దగ్గర ఆగలేదు. మెంతులు వేగాయా అమ్మాయ్? ఇంకాస్త వేగాలండీ. ఇంగువ తెలుస్తోందా? చాల్లేదు, ఇంకొంచెం వెయ్యండి. పులుసు పచ్చివాసన పోయిందా? పోయింది, దించెయ్యండి. కళ్లూ చేతులూ పెద్దమ్మవి, ముక్కు నా భార్యది. ఇద్దరూ కలిసి గడపకి అటూ ఇటూ ఒకే కూర వండుతున్నారు.

అప్పుడు వెలిగింది నాకు. చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడికి కోసిన పువ్వును కూడా వాసన చూడనిచ్చేవాళ్లు కాదు. దేవుడికి చూపించకముందు వంట వాసన చూడడం ఎంత తప్పో పెద్దమ్మే నాకు వీపు మీద వేసి మరీ నేర్పింది. వాసన చూస్తే సగం తిన్నట్టేనని శాస్త్రం. అంటే పెద్దమ్మ రోజూ తింటున్నది, ఆవిడ శాస్త్రం ప్రకారమే, నా భార్య సగం తిన్న అన్నం! పాతికేళ్ల వాదానికి ఇంతకన్నా పదునైన ముగింపు ఏ తార్కికుడికి దొరుకుతుంది?

ఆ రాత్రే నా భార్యకు చెప్పాను. ఆమె మొహం మారిపోయింది.

"ఆ మాట ఆవిడతో అనకండి. అంటే రేపట్నుంచి పొయ్యి వెలిగించదు. మళ్లీ అటుకులే."

అననని మాటిచ్చాను. ఎనిమిది రోజులు ఆ మాట మీద నిలబడ్డాను. నాకది చాలా పెద్ద కాలం.

ఆదివారం నా భార్య ఎప్పటిలాగే పొద్దున వంట వాసన చూసి చర్చికి వెళ్లింది. పెద్దమ్మ విస్తరి ముందు కూర్చుంది. వంకాయ కూర, చారు. అన్నం కలిపి మొదటి ముద్ద చేతిలోకి తీసుకుంది. నేను గడప దగ్గరికి వెళ్లాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"పెద్దమ్మా, వాసన చూస్తే సగం తిన్నట్టేనని నువ్వే చెప్పేదానివి గుర్తుందా?"

ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఒక్క వాక్యం కోసం ఆవిడ పొయ్యిని నేనే ఆర్పేశానని, అదీ అలారం సాయం లేకుండా ఆర్పేశానని అర్థమైంది. వెనక్కి తీసుకుందామంటే వాదంలో వెనక్కి తీసుకోవడం నాకెవరూ నేర్పలేదు.

"గుర్తులేకేం" అంది పెద్దమ్మ. "మొదటి రోజే గుర్తొచ్చింది."

"తెలిసే తింటున్నావా?"

"సగమేగా."

ముద్ద నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలి, మళ్లీ అన్నం కలుపుకుంది.

"మిగతా సగం గురించి నాతో వాదనకి దిగకు. రేపు కాకరకాయ వేయిస్తున్నా, అది చేదు విరిగేదాకా వేగాలి. ఏడింటికి అమ్మాయిని ఇటు పంపు. నువ్వు మాత్రం ఈ దరిదాపులకి రాకు, ఊరికే మాట్లాడి దాని ధ్యాస చెడగొడతావు."